చలిజ్వరపు మందుమొక్క: అందు కర్షకుని పాలు

వినాయకచవితినాడు మన యిండ్లలో పూజకు వాడు ఇరువదియొక్క పత్రములలో మాచిపత్రి యొకటి. దండలలో గ్రుచ్చు దవనము నెరుగని తెలుగువారు అరుదు. ఈ రెండు మొక్కలును ఒకే వంశమునకు చెందినవి. వృక్షశాస్త్రజ్ఞులు ఆ వంశమునకు ఆర్టిమీసియా యని పేరిడిరి. ఆ వంశములోనే చీనాదేశమున పూర్వకాలమునుండి వైద్యములో వాడుకనున్న మరియొక మొక్క గలదు. చీనావారు దానిని చింగ్‌హావ్ అందురు. ఒక సంవత్సరములోపల మొలచి, మనిషి యెత్తునకు పెరిగి, పసుపుపచ్చని చిన్న పూలు పూచి, విత్తి ఎండిపోవు మొక్క యిది. దీని ఆకునుండి తీయు ఆర్టిమిసినిన్ అను పదార్థమే నేడు ప్రపంచమంతటను చలిజ్వరమునకు, అనగా మలేరియాకు, ఇచ్చు ముఖ్యమైన మందులకు మూలము.

ఆ మందు ఆకులో ఎట్లు పుట్టుచున్నది, దానిని వెలికితీయు పద్ధతులవలన నీటికిని గాలికిని కలుగు కీడు ఎట్టిది, ఆ కీడును తగ్గించుటకు శాస్త్రజ్ఞులు కనిపెట్టిన క్రొత్త మార్గము లెవ్వి, వీనియందు మొక్కను పెంచు రైతు స్థానమేది అను విషయములు ఈ వ్యాసమున వివరింపబడును. మందుమొక్కల సేద్యమున అధిక లాభము గలదని చెప్పువారు మన గ్రామములకు తరచుగ వచ్చుచున్నారు. విత్తనము కొనుటకు ముందే ఇట్టి పంట యొక్క పూర్వచరిత్రను తెలిసికొనుట సంఘసభ్యులకు మేలు.

వ్యాధియు, పాత మందును

చలిజ్వరము మన మన్యప్రాంతములవారికి క్రొత్తది కాదు. ఈ జ్వరమునకు కారణమైన సూక్ష్మజీవి దోమయందు పెరుగునను సత్యమునకు ముఖ్యమైన నిదర్శనము దొరకినది మన సికింద్రాబాదుననే. 1897వ సంవత్సరము ఆగష్టు 20వ తేదీన రోనాల్డు రాస్ అను సైనికవైద్యుడు, రోగి రక్తమును త్రాగిన దోమ కడుపులో ఆ సూక్ష్మజీవిని సూక్ష్మదర్శినితో చూచెను. 1902లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. ఆయన పనిచేసిన భవనము బేగంపేటలో నేటికిని నిలిచియున్నది.

ఆ కాలమున ఈ జ్వరమునకు మందు క్వినైను. దక్షిణ అమెరికా కొండలలో పెరుగు సింకోనా చెట్టు బెరడునుండి దానిని 1820లో ఫ్రాన్సుదేశీయులైన పెల్లెటియే, కావెంతూ అను రసాయనికులు వేరుచేసిరి. మన దేశమున నీలగిరులలోను, డార్జిలింగు కొండలలోను ప్రభుత్వమువారు సింకోనా తోటలు వేయించిరి. అయినను రెండవ ప్రపంచయుద్ధమునకు పూర్వము లోకమునకు కావలసిన క్వినైనులో మిక్కిలి పెద్దభాగము జావాద్వీపపు తోటలనుండియే వచ్చుచుండెను. 1942లో జపానువారు జావాను పట్టుకొనగా ఇతర దేశములకు క్వినైను కరవయ్యెను. ఒకే సీమలో పండు పంటపై లోకమంతయు ఆధారపడిన యెడల కలుగు ఆపద యెట్టిదో అప్పుడు తెలియవచ్చెను.

యుద్ధానంతరము క్లోరోక్విను అను కృత్రిమమైన మందు చౌకగా దొరకసాగెను. కాని కొలది సంవత్సరములలోనే కొన్ని దేశములందలి మలేరియా సూక్ష్మజీవి దానికి లొంగకుండ బలపడెను. క్రొత్త మందు వెదకవలసిన అవసరము ఇట్లు ఏర్పడెను.

చీనాదేశపు పరిశోధన

వియత్నాము యుద్ధమున అడవులలో పోరాడు సైనికులు గుండ్లకంటె జ్వరముచేత ఎక్కువ బాధపడుచుండిరి. ఆ కారణమున చీనా ప్రభుత్వము 1967 మే 23వ తేదీన ఒక రహస్య పరిశోధనా ప్రణాళికను ప్రారంభించెను. ఆ తేదీనిబట్టి దానికి 523 అను సంఖ్యయే పేరయ్యెను. 1969లో బీజింగు నగరమందలి దేశీయవైద్య పరిశోధనాలయములో పనిచేయుచున్న తూ యూయూ అను విదుషి ఈ పనిలో ఒక బృందమునకు నాయకురాలుగ నియమింపబడెను.

ఆమె బృందమువారు పాత గ్రంథములనుండియు, వైద్యులనుండియు 2000లకు పైగా యోగములను సేకరించిరి. సుమారు 200 మూలికలనుండి 380 సారములను తీసి ఎలుకలపై పరీక్షించిరి. చింగ్‌హావ్ సారము ఒకమారు గుణము చూపి మరియొకమారు చూపక పోవుచుండెను. నాలుగవ శతాబ్దమున గో హోంగ్ అను వైద్యుడు వ్రాసిన చికిత్సాగ్రంథములో ఆ మూలికను కాచుమని లేదు. నీటిలో నానవేసి, పిండి, ఆ రసమును త్రాగుమని యున్నది. ఈ భేదమును తూ యూయూ గమనించెను. మరిగించుటచేత గుణము చెడుచున్నదేమో యని శంకించి, సుమారు 35 డిగ్రీల వేడికే ఆవిరియగు ఈథరు అను ద్రవముతో ఆకుసారమును తీయించెను. 1971 అక్టోబరు 4వ తేదీన 191వ సంఖ్య గల సారము పరీక్షించిన ఎలుకలన్నిటియందును సూక్ష్మజీవిని నశింపజేసెను. మరుసటి సంవత్సరమున ఆమెయు, సహచరులును ఆ సారమును మొదట తామే సేవించి, హాని లేదని తెలిసికొనిన పిమ్మట రోగుల కిచ్చిరి. 1972 చివరకు ఆ సారమునుండి తెల్లని స్ఫటికములుగ మందు వేరుచేయబడెను. 2015లో తూ యూయూకు నోబెల్ బహుమానము లభించెను.

పాత గ్రంథములోని మాట దారి చూపిన మాట నిజమే. కాని ఆ మాటను నమ్మి ఊరకుండక, తూచి, కొలిచి, పరీక్షించినందుననే మందు చేతికి వచ్చెను. మన మూలికల విషయమునను ఈ రెండును వలయును.

ఆకులో జరుగు పని

చింగ్‌హావ్ ఆకుపై కంటికి స్పష్టముగ కనబడని చిన్న నూనెగ్రంథులు గలవు. ఆకును నలిపినప్పుడు వచ్చు వాసన వానిలోనిదే. మందుపదార్థము పుట్టుచోటును అదియే. మొక్క దీనిని ఒక్కమారుగ తయారుచేయదు. కుమ్మరి మట్టిని తొక్కి, ముద్దచేసి, సారెపై త్రిప్పి, ఎండబెట్టి, కాల్చునట్లు, మొక్కయు మెట్లుమెట్లుగ పదార్థములను మార్చుకొనుచు పోవును. ఈ మెట్లలో చివరి దానికి ముందున్న పదార్థమునకు డైహైడ్రో ఆర్టిమిసినిక్ ఆమ్లము అని పేరు. మనము దానిని సులభముగ పచ్చిసరకు అందము. ఈ పచ్చిసరకు వెలుతురు సాయమున గాలిలోని ప్రాణవాయువును గ్రహించి ఆర్టిమిసినిన్‌గా మారునని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. ఆకు కోసిన పిమ్మట ఆరుచున్న కాలమునను ఈ మార్పు కొంత సాగుచుండుట పరిశోధకులు కనుగొనిరి.

ఎండిన ఆకులో మందు పాలు మిక్కిలి తక్కువ. నాటురకములలో నూటికి అరపాలు కూడ ఉండకపోవచ్చును. మంచి రకములలో నూటికి ఒకపాలు, కొన్నిటిలో అంతకు కొంచెము మించియు ఉండును. నూటికి ఒకపాలు గల ఆకు వేయి కిలోలలో పది కిలోల మందుండును. అరపాలు గల ఆకులో ఐదు కిలోలే యుండును. ఈ చిన్న లెక్కను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలయును. దీని ప్రయోజనము ముందు తెలియగలదు.

మాచిపత్రియు దవనమును ఈ మొక్కకు చుట్టములే యైనను వర్తకమునకు తగినంత ఆర్టిమిసినిన్ వానియందు లేదు. కావున పేరు కలిసినదని ఒకదానికి మారుగ మరియొకదానిని విత్తరాదు.

వెలికితీయు పద్ధతి, అందలి దోషములు

దవనపు నూనెను ఆవిరిపట్టి తీయుదురు. నీరు, నిప్పు తప్ప వేరొకటి వలదు. ఆర్టిమిసినిన్ తీయుటకు ఆ పద్ధతి పనికిరాదు. అది నీటిలో కరగుట బహు స్వల్పము. అందుచేత కర్మాగారములలో ఎండుటాకును హెక్సేన్ వంటి పెట్రోలియపు ద్రావకములో నానవేసి, సారమును దించి, ద్రావకమును ఆవిరిగా తోలివేసి, మిగిలిన ముద్దను శుద్ధిచేయుదురు. ఆవిరిని చల్లార్చి ద్రావకమును మరల వాడుకొందురు గాని ప్రతిసారియు కొంత గాలిలో కలిసిపోవును. కొంత పిప్పిలో నిలిచిపోవును.

హెక్సేన్ భూమినుండి తవ్వితీసిన నూనెతో తయారగునది. నిప్పురవ్వ సోకిన భగ్గుమనును. దాని ఆవిరిని చిరకాలము పీల్చిన పనివారికి కాలుచేతులలోని నరములు చచ్చుపడుట వైద్యు లెరిగిన విషయమే. మందు ఒకరి ప్రాణము నిలుపునదై యుండగా దానిని చేయువాని ఆరోగ్యమును, కర్మాగారపు ప్రక్క ఊరి నీటిని చెరచుట న్యాయము కాదు. ఈ దోషమును తొలగించుటకు మూడు మార్గములు అన్వేషింపబడినవి.

మొదటిది ద్రావకమును మార్చుట. ధాన్యము, చెరకు మడ్డి మొదలగువాని పులుపునుండి తీయు సారాయి కొంత మేలైనది. అది మరల పొలమున పండునదే. మరియొకటి బొగ్గుపులుసు వాయువు. మనము ఊపిరి విడుచునప్పుడు బయటికి వచ్చు వాయువే ఇది. దీనిని 31 డిగ్రీలకు మించిన వేడిలో, వాతావరణపు ఒత్తిడికి 70 రెట్లకు పైబడిన ఒత్తిడిలో ఉంచిన, వాయువువలె ఆకులోనికి చొచ్చుకొనిపోయి ద్రవమువలె సారమును కరిగించుకొనును. ఒత్తిడి తగ్గింపగనే వాయువుగా లేచిపోవును. సారములో ఏ శేషమును విడువదు. కాఫీ గింజలలోని కెఫీనును తీసివేయుటకును, సుగంధద్రవ్యముల సారము తీయుటకును ఇది వాడుకలో నున్నది. దీనికి కావలసిన గట్టి ఉక్కుపాత్రల వెల అధికమగుటయే దీనియందలి లోపము.

తొట్టిలో పులియబెట్టిన మందు

రెండవ మార్గము మొక్కనే విడిచిపెట్టుట. రొట్టెపిండిని పొంగించునట్టియు, చక్కెరనీటిని సారాయిగ మార్చునట్టియు సూక్ష్మజీవికి ఈస్టు అని పేరు. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమందలి జే కీస్లింగ్ అను ఆచార్యుని బృందము, చింగ్‌హావ్ మొక్కలోని కొన్ని జన్యువులను ఈస్టులో ప్రవేశపెట్టి, అది చక్కెర తిని ఆర్టిమిసినిక్ ఆమ్లమును తయారుచేయునట్లు 2006లో సాధించెను. ఇది మనము పైన చెప్పిన పచ్చిసరకునకు సమీపబంధువు. 2013 నాటికి తొట్టిలోని లీటరు ద్రవమునకు 25 గ్రాముల వరకు ఇట్లు పండింపగలిగిరి. ఆ సంవత్సరమే సనోఫీ అను ఫ్రెంచి కంపెనీ ఇటలీదేశమందలి గరేసియో కర్మాగారమున ఆ ఆమ్లమును దీపకాంతితోను ప్రాణవాయువుతోను మందుగ మార్చుట ప్రారంభించెను. ప్రపంచ ఆరోగ్యసంస్థవారును ఆ మందును అంగీకరించిరి.

వానలతో పనిలేదు, చీడలతో పనిలేదు, ఎకరములతో పనిలేదు. మొక్కలు విత్తు రైతుల గతి ఏమగునను ప్రశ్న అప్పుడు పుట్టెను. దానికి జవాబు విపణి చెప్పిన విధము ముందు వ్రాయబడును.

ఆకు పచ్చదనమే పనిముట్టు

మూడవ మార్గము ఈ రెంటికిని నడుమ నున్నది. మన కర్షకులు శ్రద్ధగ గమనింపవలసినదియు ఇదియే. ఆకునుండి ఆర్టిమిసినిన్ తీసిన పిమ్మట పిప్పిలోను, పారవేయు సారములోను ఆర్టిమిసినిక్ ఆమ్లము వ్యర్థముగ పోవుచుండెను. జర్మనీలో పోట్స్‌డామ్ నగరమందలి మాక్స్ ప్లాంక్ పరిశోధనాలయములో పీటర్ జేబర్గర్ అను ఆచార్యుడును, ఆయన సహచరుడును 2012లో ఒక క్రొత్త పద్ధతిని ప్రకటించిరి. పెద్ద తొట్టికి బదులు సన్నని పారదర్శకమైన గొట్టమును దీపము చుట్టును చుట్టి, అందు ఈ ఆమ్లపు ద్రవమును, ప్రాణవాయువును ఎడతెగక పారించిరి. పలుచని ధారయగుటచే వెలుతురు ప్రతిబొట్టునకును సోకును. గొట్టమున ఒక కొసను పచ్చిసరకు ప్రవేశింపగా రెండవ కొసను మందు వెలువడును.

వెలుతురు తనంతట ప్రాణవాయువును చురుకుచేయజాలదు. వెలుతురును పట్టి ఆ శక్తిని వాయువున కందిచ్చు రంగుపదార్థ మొకటి కావలయును. పూర్వము అట్టి రంగును వేరుగ కొనుచుండిరి. 2018లో అదే పరిశోధనాలయమువారు ఒక సరళమైన సంగతిని చూపిరి. ఆకుసారములో పచ్చదనము, అనగా పత్రహరితము, ఉండనే యున్నది. వెలుతురును పట్టుటయే దాని స్వభావధర్మము. ఇంతవరకు దానిని మలినమని శ్రమపడి తొలగించుచుండిరి. దానిని తొలగింపక, శుద్ధిచేయని సారమునే గొట్టమున పారించి వెలుతురు, ప్రాణవాయువు, కొంచెము ఆమ్లము సోకనిచ్చినచో సారములోని పచ్చిసరకు కొలది నిమిషములలో ఆర్టిమిసినిన్‌గా మారెను. ఆకు తనయందు మెల్లగ చేసుకొను చివరి మెట్టునే గొట్టములో త్వరగ జరిపించుట యిది. సరకు ఆకుదే, రంగును ఆకుదే.

దీనివలన రెండు లాభములు గలవు. ఒకే ఆకునుండి మునుపటికంటె ఎక్కువ మందు వచ్చును. ఏలయన మారక మిగిలిపోయిన పచ్చిసరకు కూడ మందగును. ఒక శుద్ధిమెట్టును, వేరుగ కొను రంగును తప్పిపోవును. ఇక రైతునకు సంబంధించిన సంగతి: ఈ మార్గమున మొక్క వదలివేయబడలేదు. ఈస్టుతొట్టి రైతును అనవసరము చేయజూచెను. ఈ గొట్టము రైతు తెచ్చిన ఆకునకు విలువ పెంచుచున్నది.

ఇప్పుడు మునుపటి లెక్కను జ్ఞాపకము చేసికొందము. వేయి కిలోల ఆకును నానవేయుటకు వలయు ద్రావకము, నిప్పు, పనివాండ్ర కష్టము ఆకు మంచిదైనను చెడ్డదైనను ఇంచుమించు ఒకటియే. కాని ఒక ఆకునుండి పది కిలోలు, మరియొక ఆకునుండి ఐదు కిలోలు. అనగా మంచి ఆకు వాడినచో కిలో మందునకు పడు ద్రావకము సగమునకు తగ్గును. గాలిలో కలిసిపోవు విషమును సగము తగ్గును. ఏ గొప్ప యంత్రమును తేకుండగనే ఇంత మేలు కలుగును. కావున శుభ్రమైన మందు తయారీలో మొదటి మెట్టు కర్మాగారములో లేదు. రైతు నారుమడిలోను, కోతలోను, కళ్ళములోను ఉన్నది. తగిన విత్తనము, తగిన కాలమున కోత, నీడయు గాలియు చూచి ఆరబెట్టుట, కాడలు కలియకుండ ఆకు దులుపుట, తేమ తగులకుండ నిలువచేయుట, ఇవన్నియు రసాయనశాస్త్రములో భాగములే.

ధర చెప్పిన కథ

2001లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆర్టిమిసినిన్‌తో మరియొక మందును కలిపి ఇచ్చు చికిత్సను సిఫారసు చేసెను. పెద్దవాని కొక చికిత్సకు మూడు దినములలో 24 మాత్రలు, వానిలో 480 మిల్లిగ్రాముల ఆర్టిమీథర్ అను రూపమున ఈ మందు వాడుక. రసాయనమార్పులలో కొంత తరుగు పోయినను కిలో ఆర్టిమిసినిన్ వేయిమందికి పైగా రోగులకు చాలును. ప్రపంచమంతయు ఒక్కసారి అడుగగా సరకు చాలలేదు. 2005 ప్రాంతమున కిలో ధర వేయి డాలర్లు దాటెను.

ఆ ధర చూచి చీనాలోను, వియత్నాములోను, తూర్పు ఆఫ్రికాలోను వేలకొలది చిన్నరైతులు ఈ మొక్కను విత్తిరి. అందరి పంటయు ఒక్కసారి విపణికి వచ్చుటచే 2007 నాటికి ధర 200 డాలర్ల దిగువకు పడిపోయెను. అనేకులు నష్టపడి పంట మానిరి. మానినందున కొరత వచ్చి 2011 నాటికి ధర మరల ఎగసెను. ఎగసినందున మరల విత్తిరి; మరల పడెను. మన ఉల్లి రైతులకును, మిరప రైతులకును ఈ కథ క్రొత్తది కాదు.

ఈస్టుతొట్టి మందు విపణికి వచ్చినప్పుడు ఆకుమందు కిలో 250 డాలర్లకు దిగువనే దొరకుచుండెను. తొట్టిమందునకు లాభము కలుపకుండగనే 350 మొదలు 400 డాలర్ల వరకు ఖర్చు పడుచుండెను. 2015లో ఆ కర్మాగారము ఈ మందును తయారుచేయనే లేదు. తరువాత అది ఇతరులకు అమ్మబడెను. ఆ కాలమునకు తొట్టిపై ఆకు గెలిచెననవచ్చును. కాని ఆ గెలుపు రైతు ఆకును మిక్కిలి చౌకగా అమ్ముకొనుటచేత వచ్చినది. అట్టి గెలుపును చూచి పొంగిపోవుటకు వీలులేదు.

కడప, నెల్లూరు, కర్నూలు సీమలలో పూర్వము నీలిమందు సాగు విస్తారముగ నుండెను. రాస్ దొరకు దోమ కడుపులో సూక్ష్మజీవి కనబడిన 1897వ సంవత్సరముననే జర్మనీవారు రసాయన నీలిని విపణికి తెచ్చిరి. అది ఆకునీలికంటె చౌక. ఎల్లప్పుడును ఒకే తీరుగ రంగిచ్చును. కొలది సంవత్సరములలో మన నీలి తొట్లు ఎండిపోయెను. ఆకు కొనువారికి తొట్టి చౌకయైన దినమున ఆకును కొనరు. నీలి విషయమున జరిగినది మందుమొక్కల విషయమున జరుగదని ఎవ్వరును పూచీపడజాలరు.

సంఘములు గమనింపవలసినవి

ఈ వ్యాసము చింగ్‌హావ్ విత్తుమని చెప్పుటకు వ్రాసినది కాదు. ఈ మొక్కయైనను, మరి ఏ మందుమొక్కయైనను విత్తుమని ఎవరైన వచ్చినప్పుడు సంఘము అడుగవలసిన ప్రశ్నలు కొన్ని గలవు.

ఒకటి: కొనువా రెవరు? విత్తనము అమ్మువాడే పంట కొనునని నోటిమాట చెప్పిన చాలదు. ఎంత సరకు, ఏ తేదీకి, ఏ ధరకు కొనునో వ్రాతమూలముగ ఉండవలయును. ధర పడిపోయినను ఇంతకు తగ్గదను కనీసపు వెల అందులో నుండవలయును.

రెండు: ధర బరువునుబట్టియా, సారమునుబట్టియా? బరువునుబట్టి మాత్రమే వెలకట్టినచో మంచి ఆకు తెచ్చినవానికిని, కాడలు కలిపి తెచ్చినవానికిని ఒకటే దక్కును. సారమునుబట్టి వెలకట్టించుకొనుటయే న్యాయము. ఆ సారమును పరీక్షించువాడు కొనువాడే యగుట తగదు. సంఘము నమూనాలో ఒక భాగమును ముద్రవేసి తనయొద్ద నుంచుకొని వేరొక ప్రయోగశాలకు పంపవలయును. ఒంటరి రైతునకు ఈ ఖర్చు భారము. నూరుమంది సభ్యులకు తలకు కొలది రూకలే.

మూడు: ఏ రకము, ఏ నేల? చింగ్‌హావ్ విత్తనము గ్రామునకు పదివేలకు పైగా తూగునంత చిన్నది. ఇసుకతో కలిపి నారుమడిలో చల్లవలసినది. పగలు పొట్టియగు కాలమున తొందరగ పూతకు వచ్చు మొక్క యగుటచే నాటుకాలము తప్పిన ఆకు తగ్గును. లక్నోలోని కేంద్రీయ ఔషధ, సుగంధ సస్య పరిశోధనాలయమువారు జీవనరక్ష, ఆరోగ్య, సంజీవని అను రకములను రూపొందించిరి. ఆ సంస్థకు హైదరాబాదులో శాఖ గలదు. అచ్చటివారిని విచారింపక, మన నేలలో చిన్న మడిని పెంచి చూడక, ఎకరములు విత్తరాదు.

నాలుగు: శేషమేమగును? మన సీమలో సారము తీయు కర్మాగారము పెట్టుదుమని వచ్చువారిని, ఏ ద్రావకము వాడుదురు, ఎంత తిరిగి పట్టుదురు, మురుగునీరు ఎచ్చటికి విడుతురు అని అడుగుట గ్రామస్థుల హక్కు. పిప్పిని ఎరువుగ ఇత్తుమని చెప్పినచో ద్రావకము పూర్తిగ తొలగినదని నిరూపించిన పిమ్మటనే పొలమునకు తోలవలయును.

ఐదు: మొదటి మెట్టు సంఘము చేతిలో నుండగలదా? ఆరబెట్టుట, ఆకు దులుపుట, తరగతులుగ వేరుచేయుట, గోనెలలో నిలువయుంచుట సంఘము స్వయముగ చేయగల పనులు. 1956లో విశాఖపట్టణమున స్థాపింపబడిన గిరిజన సహకార సంస్థ మన్యమునుండి తేనె, కుంకుడుకాయలు మొదలగు సరకులను కొని, శుభ్రపరచి అమ్ముచున్నది. పచ్చిసరకును పచ్చిగనే అమ్మక ఒక మెట్టైనను ముందుకు నడిపిన సంఘమునకు, ధర పడిన యేట నిలువ యుంచుకొను శక్తి కలుగును.

ఆరు: ఎంత నేల? చీనా, ఆఫ్రికా రైతులలో మిక్కిలి దెబ్బతిన్నవారు ధర చూచి తిండిగింజల నేలను ఈ పంట క్రిందికి మార్చినవారే. మందుమొక్కను ఒక మూలకు పరిమితము చేసి, ఇంటి గింజలకు వలయు నేలను ముట్టకుండుట క్షేమము.

ఆరోగ్యవిషయమున ఒక హెచ్చరిక

మందు ఆకులోనే యున్నది గదా, ఆ ఆకునే కాచి త్రాగిన చాలదా యని కొందరడుగుదురు. చాలదు. నీటిలో దిగు మందు స్వల్పము. ఒక ఆకునకును మరియొక ఆకునకును పాలు వేరు. అట్లు త్రాగిన జ్వరము కొంత తగ్గినట్లు కనబడి మరల తిరుగబెట్టవచ్చును. కొద్దిపాటి మందు తగిలి బ్రతికిన సూక్ష్మజీవి బలపడవచ్చును. ఈ ఆకును కషాయముగను, పొడిగను మలేరియాకు వాడుటను ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో స్పష్టముగ నిరాకరించెను. ఈ మందునకు త్వరగ లొంగని సూక్ష్మజీవి పశ్చిమ కంబోడియాలో 2008 నుండియే కనబడెను. తరువాత తూర్పు ఆఫ్రికాలోను కనబడినది. ఇది చేజారినచో ఇంత శక్తి గల మరియొక మందు వెంటనే దొరకునను నమ్మకము లేదు. కావున చలి, జ్వరము వచ్చినప్పుడు రక్తపరీక్ష చేయించుకొని, వైద్యుడిచ్చిన మాత్రలను జ్వరము తగ్గినదని నడుమ మానక పూర్తిగ వాడవలయును. ఇంటిలో మిగిలిన మాత్రలను ఇరుగుపొరుగువారికి ఇయ్యరాదు.

ముగింపు

ఒక గ్రంథములోని పాతమాట, ఒక విదుషి పట్టుదల, ఆకుపై కంటికి కనబడని నూనెగ్రంథి, సన్నని గొట్టములో పారు వెలుతురు, ఇవన్నియు కలిసి ప్రపంచమున లక్షలకొలది ప్రాణములను నిలుపుచున్నవి. ఈ వరుసలో మొదటివాడు ఆకు పెంచిన రైతు. ప్రతిఫలము పంచుకొనునప్పుడు మాత్రము అతడే కడపటివాడగుచున్నాడు. విషద్రావకములను తగ్గించి, ఆకు గుణమును పూర్తిగ వాడుకొను క్రొత్త పద్ధతులు మంచి ఆకునకు విలువ కలిగించుచున్నవి. కాని విలువ కలుగుట వేరు, అది పండించినవాని చేతికి వచ్చుట వేరు. మొదటి పనిని శాస్త్రజ్ఞులు చేయుదురు. రెండవది ఎవ్వరును మనకు చేసిపెట్టరు. నమూనా ముద్రవేసి దాచుట, ఒప్పందము చదివి సంతకము చేయుట, సరకును కలిపి అమ్ముట మన సంఘముల పని. సభ్యులు రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయములను చర్చించుకొనవలయునని మా కోరిక.